కొట్టం గోడల్లో స్ప్రే ఫోమ్, రాక్ వూల్, బబుల్ ఫాయిల్: వాడి చూశాక ఒక సమీక్ష

ఈ సమీక్షకు ఆధారమైన కొట్టం చెక్క గుంజల మీద నిలిచి, బయటి వైపు ఇనుప రేకు తొడిగిన పాత కట్టడం. ఒక చివర పశువులను కడతారు, మరో చివర వేడి పెట్టుకొని పని చేసుకునే పనిముట్ల గది ఉంది, రెండింటి మధ్య ఒక అడ్డుగోడ ఉంది, వెనుక వైపు మాత్రం నడుము ఎత్తు వరకు రాతి గోడ కనిపిస్తుంది. దీనికి ఇన్సులేషన్ చేయించే క్రమంలో మూడు రకాల సరుకు వాడాము. కప్పు రేకు అడుగున మూసిన కణాల పాలియురేథేన్ స్ప్రే ఫోమ్ కొట్టించాము, గోడల్లో రాక్ వూల్ (రాతిని కరిగించి తీసిన ఉన్ని) పలకలు కూర్చి వాటి లోపలి ముఖం మీద తేమను బట్టి గుణం మార్చుకునే పాలిమైడ్ (నైలాన్ జాతి ప్లాస్టిక్) మెంబ్రేన్, అంటే పలుచని పొర, పరిచాము, ఒక చిన్న గోడ భాగానికీ పెద్ద తలుపుకూ మెరిసే బబుల్ ఫాయిల్ కట్టాము. తీర్పు ముందే చెప్పేస్తాను. కప్పు అడుగున ఫోమ్ తన పని బాగా చేస్తోంది గాని, దాన్ని గోడలకు మాత్రం నేను సిఫారసు చేయను. రాక్ వూల్, మెంబ్రేన్ జోడీ పనిముట్ల గదికి చాలా మంచి ఎంపిక, అదే జోడీ పశువుల వైపు తప్పుడు ఎంపిక. బబుల్ ఫాయిల్‌ను ఇన్సులేషన్ పేరుతో అమ్మడమే నాకు అభ్యంతరం.

అమ్మకందారులు చూపించే పట్టికలన్నీ ఇంటి గోడలను దృష్టిలో పెట్టుకొని తయారైనవే. కొట్టంలో పుట్టే తేమ ఇంట్లో పుట్టే తేమతో పోల్చదగినది కాదు. ఒక పాడి ఆవు తన శ్వాస ద్వారా, చర్మం ద్వారా రోజుకు 10 లీటర్లకు పైగా నీటిని గాలిలోకి వదులుతుంది. దానికి మూత్రం, కడిగిన నేల, సరిగ్గా ఆరని గడ్డి తోడవుతాయి. పనిముట్ల గదిలో పొగగొట్టం లేని గ్యాసు హీటరు వాడే అలవాటు ఉంటే అది మరో పెద్ద ఊట, ఎందుకంటే కిలో గ్యాసు కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది, అదంతా గదిలోనే ఉండిపోతుంది. ఈ ఆవిరిని మోయగల శక్తి వెచ్చని గాలికి ఎక్కువ, చల్లని గాలికి తక్కువ. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు, 0 డిగ్రీల వద్ద 5 గ్రాములకు కూడా చోటు ఉండదు. లోపలి గాలి చల్లని రేకును తాకినప్పుడు ఈ తేడా అంతా నీటి బొట్లుగా మారి కిందికి జారుతుంది. దానికి తోడు, మబ్బులేని రాత్రి కప్పు రేకు తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడిపోతుంది. అందుకే వాన చుక్క పడకపోయినా తెల్లవారేసరికి కొట్టం కప్పు కారుతున్నట్టు కనిపిస్తుంది. కప్పు మార్పించాలని పరుగెత్తే ముందు ఈ సంగతి తెలుసుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

మూడు సరుకులనూ ఒకే కొలబద్దతో చూడడానికి ఒక చిన్న లెక్క వేద్దాము. లోపల 15 డిగ్రీలు, గాలిలో 80 శాతం సాపేక్ష తేమ, బయట 0 డిగ్రీలు అనుకుందాము. ఆ లోపలి గాలికి డ్యూ పాయింట్, అంటే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 11.6 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏ ఇన్సులేషనూ లేని రేకు లోపలి ముఖం 3.5 డిగ్రీల చోట నిలుస్తుంది కనుక అది చెమర్చక తప్పదు. అదే రేకు మీద 50 మిల్లీమీటర్ల మూసిన కణాల ఫోమ్ ఉంటే లోపలి ముఖం 14 డిగ్రీలు దాటుతుంది, 100 మిల్లీమీటర్ల రాక్ వూల్ ఉన్నా దాదాపు అంతే. ఇంతవరకు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది, అమ్మేవారి పట్టిక కూడా ఇక్కడితో ఆగిపోతుంది. అసలు సంగతి రాక్ వూల్ వెనుక ఉంది. ఉన్ని లోపలి వేడిని ఆపేసింది కాబట్టి దాని వెనుక ఉన్న రేకు ఇప్పుడు బయటి చలికి దగ్గరగా, 0 డిగ్రీల చుట్టుపక్కలకు దిగిపోతుంది. ఇన్సులేషన్ లేనప్పటికంటే రేకు ఇంకా చల్లబడిందన్నమాట. లోపలి గాలి ఏ సందులోంచో ఉన్నిని దాటి అక్కడికి చేరిందంటే మునుపటికంటే ఎక్కువే చెమరుస్తుంది, అదీ కంటికి కనబడని చోట, చెక్కకు ఆనుకొని చెమరుస్తుంది. ఇన్సులేషన్ చేయించిన కొన్నాళ్లకే గుంజలు పుచ్చిపోయాయని వినిపించే ఫిర్యాదుల వెనుక చాలా సార్లు ఉండే కారణం ఇదే.

ఆ సందు ఎంత చిన్నదైనా చాలు. గోడ బోర్డులో ఒక చదరపు అంగుళం రంధ్రం గుండా గాలి మోసుకుపోయే తేమ, ఆ బోర్డు మొత్తం విస్తీర్ణం గుండా ఆవిరి వ్యాపనం వల్ల మెల్లగా దాటే తేమకంటే పదుల రెట్లు ఎక్కువగా ఉంటుంది. కనుక ఏ సరుకుకైనా నేను వేసే మొదటి ప్రశ్న అది వేడిని ఎంత ఆపుతుందని కాదు. గాలిని ఎలా ఆపుతుంది, తడిసిన గోడను ఏ వైపుకు ఆరనిస్తుంది అన్నవే ముందు అడగవలసినవి.

బబుల్ ఫాయిల్ సంగతి త్వరగా తేల్చవచ్చు. రెండు అల్యూమినియం ముఖాల మధ్య కొన్ని మిల్లీమీటర్ల గాలి బుడగలున్న షీటు అది. నిశ్చలమైన గాలి ఎంత మంచి నిరోధకమైనా 8 మిల్లీమీటర్ల మందంలో అది ఇవ్వగలిగింది సుమారు 0.2 నుంచి 0.3 చదరపు మీటరు-కెల్విన్ బై వాట్ ఉష్ణ నిరోధం మాత్రమే. పై లెక్కలోనే దీన్ని నేరుగా రేకుకు అంటించి చూస్తే లోపలి ముఖం 10 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, డ్యూ పాయింట్‌కు కిందే ఉంటుంది, అంటే చెమర్చడం తగ్గుతుందే తప్ప ఆగదు. మెరుపు పని చేయాలంటే దాని ముందు కనీసం రెండు సెంటీమీటర్ల నిశ్చలమైన ఖాళీ ఉండాలి. కరపత్రాల మీద కనిపించే పెద్ద పెద్ద అంకెలు అలాంటి ఖాళీని, అది కూడా అనుకూలమైన దిశలో, ముందే లెక్కలో కలుపుకొని వేసినవి. ఇన్సులేషన్ అమ్మకాల్లో ఇటువంటి అతిశయోక్తిని అదుపు చేయడానికి అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లోనే ఆర్-వాల్యూ (వేడిని ఆపే శక్తిని చెప్పే అంకె) నిబంధన తెచ్చిందంటే ఈ జబ్బు ఎంత పాతదో అర్థమవుతుంది. కొట్టంలో మరో చిక్కు దుమ్ము. గడ్డి పొడి, ఎండిన పేడ పొడి ఆ మెరుపు మీద పేరుకుంటే ముఖం మామూలు ముఖంలాగే వేడిని పీల్చి వదలడం మొదలుపెడుతుంది. దీనికి దక్కవలసిన మెచ్చుకోలు ఒకటి ఉంది. ఎండలో కాగిన కప్పు రేకు కిందికి వెదజల్లే వేడిని ఆపడంలో, ముఖం కిందికి చూస్తూ దుమ్ము పట్టకుండా, పైన ఖాళీతో కట్టినప్పుడు, ఇది నిజంగా పని చేస్తుంది. ఎండ సమస్యే ప్రధానమైన చోట, వేడి పెట్టని గడ్డి కొట్టంలో, దీన్ని కాదనను. చలినీ చెమర్చడాన్నీ ఆపుతుందని నమ్మి గోడలకు కట్టడం మాత్రం డబ్బు దండగ. మా దగ్గర తలుపుకు కట్టిన ముక్క ఇంకా ఉంది, గోడకు కట్టినదాన్ని విప్పేశాము.

స్ప్రే ఫోమ్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కొంటున్నది వస్తువును మాత్రమే కాదు, ఒక మనిషి పనితనాన్ని కూడా. ఐసోసయనేటు ఒక పీపాలో, పాలియాల్ మిశ్రమం మరొక పీపాలో వస్తాయి. రెండింటినీ వేడి చేసి, అధిక పీడనంతో, ఘనపరిమాణంలో సరిసమానంగా తుపాకీ మొనలో కలిపి కొడతారు. కొన్ని క్షణాల్లో అది పొంగి గట్టిపడుతుంది. అంటే గోడకు కావలసిన సరుకు కర్మాగారంలో కాదు, కొట్టం కప్పు కింద, నిచ్చెన మీద నిలబడిన వ్యక్తి చేతిలో తయారవుతుంది. పాళ్లు తప్పి ఐసోసయనేటు ఎక్కువైతే పెళుసుగా చిట్లుతుంది, పాలియాల్ ఎక్కువైతే మెత్తబడి చేపల వాసన పట్టుకుంటుంది, ఆ వాసన వదలకపోతే గోకి తీయడం తప్ప దారి లేదు. ఒక్కో పూత మామూలుగా 50 మిల్లీమీటర్లు మించకూడదు, చల్లారాకే తరువాతి పూత వేయాలి, లేకపోతే రసాయన చర్యలో పుట్టే వేడి లోపలే చిక్కుకొని ఫోమ్ మాడుతుంది, అరుదుగా అంటుకుంటుంది కూడా. చెక్కలో తేమ 19 శాతం లోపల ఉండాలి, రేకు పొడిగా, నూనె జిడ్డు లేకుండా, తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతకు పైన ఉండాలి.

మాకు పని చేసిన సంస్థ సిబ్బంది మాయిశ్చర్ మీటరు తెచ్చి దూలాలను కొలిచారు, ఒక మూల నమూనా ముక్క కొట్టి కోసి చూపించారు, ముసుగు, శ్వాస యంత్రం లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వలేదు, పశువులను ముందే తరలించమన్నారు. ఇవన్నీ మెచ్చుకోదగినవే. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఆగస్టు 24 నుంచి ఐసోసయనేట్లతో పని చేసేవారికి శిక్షణ తప్పనిసరి చేశారు, ఎందుకంటే ఈ ఆవిర్లకు ఒకసారి శరీరం వికటించడం మొదలుపెడితే ఆ తరువాత అతి తక్కువ మోతాదు కూడా ఉబ్బసం తెప్పించగలదు. మీ ప్రాంతంలో అటువంటి నిబంధన ఉన్నా లేకపోయినా, శిక్షణ పత్రం చూపించమని అడగడం తప్పు కాదు. ఒక్క రోజైనా గడిచి గాలి పూర్తిగా మారే వరకు పశువులనూ మనుషులనూ లోపలికి పంపకూడదు. ఆ సంస్థ పనిలో నాకు నచ్చనిది ఒకటే. చూరు దగ్గర ఒక వాసం వెంట ఫోమ్ కుంచించుకొని చెక్క నుంచి విడిపోయి సన్నని సందు ఏర్పడింది. ఫోన్ చేస్తే వచ్చి నింపి వెళ్లారు గాని, పని అప్పగించే ముందు దీపం పట్టుకొని అంచులన్నీ చూసే అలవాటు వారికే ఉండవలసింది. అటువంటి సందు ఉంటే ఫోమ్ మందం ఎంతున్నా ప్రయోజనం లేదు.

ఫలితం గురించి చెప్పాలంటే, కప్పు చెమర్చడం ఆగిపోయింది. మూసిన కణాల ఫోమ్ ఉష్ణవాహకత (ఎంత తక్కువైతే అంత మంచిది) మీటరు-కెల్విన్‌కు 0.022 నుంచి 0.028 వాట్ల వరకు ఉంటుంది, రాక్ వూల్ 0.032 నుంచి 0.040 మధ్య ఉంటుంది కనుక తక్కువ మందంలో ఎక్కువ పని జరుగుతుంది. 50 మిల్లీమీటర్ల మందానికి ఆవిరి దాటడం కూడా దాదాపు ఒక పెర్మ్‌కు (పెర్మ్ అంటే ఆవిరి దాటడాన్ని కొలిచే ప్రమాణం), కొన్ని సరుకుల్లో అంతకంటే తక్కువకు, పడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, రేకుకూ ఫోమ్‌కూ మధ్య గాలికి చోటే ఉండదు కాబట్టి లోపలి ఆవిరి చల్లని లోహాన్ని తాకే అవకాశమే పోతుంది. ఘనపు అడుగుకు అర పౌండు సాంద్రత ఉండే తెరిచిన కణాల ఫోమ్‌కు ఈ గుణం లేదు. అది గాలిని ఆపినా ఆవిరిని వదిలేస్తుంది, నీరు పీల్చుకుంటుంది, చవకగా వస్తుందని దాన్ని రేకు అడుగున కొట్టించడం కొరివితో తల గోక్కోవడమే.

అయితే గోడలకు ఫోమ్ ఎందుకు వద్దంటున్నాను? మొదటి కారణం, రేకుకు ఒకసారి అంటుకున్నాక అది విడిపోదు. ట్రాక్టరు తగిలి ఒక గోడ రేకు చొట్టపోతే ఫోమ్‌తో సహా కోసి తీయాలి. కప్పు రేకుకు అటువంటి దెబ్బలు తక్కువ, గోడ రేకుకు ఎక్కువ. రెండవ కారణం, బయటి నుంచి వాన నీరు ఏ మేకు రంధ్రం గుండానో చొరబడితే ఫోమ్ వెనుక చెక్కకు ఆరే దారి ఉండదు, లోపలి నుంచి చూసేవారికి ఏమీ తెలియదు. మూడవ కారణం నిప్పు. పాలియురేథేన్ మండే పదార్థం, పొగ దట్టంగా, విషపూరితంగా ఉంటుంది, కనుక దాన్ని జిప్సం బోర్డు వంటి అడ్డుపొరతో కప్పాలని చాలా చోట్ల నిర్మాణ నియమావళి చెబుతుంది. గడ్డి నిల్వ ఉన్న కొట్టంలో ఫోమ్‌ను బోసిగా వదిలేయడం ఎవరు ఎంత నచ్చజెప్పినా అంగీకరించవలసిన విషయం కాదు. కప్పు అడుగున మేము అడ్డుపొర వేయించాము, ఆ ఖర్చు మొదటి అంచనాలో లేదు, అడిగితేనే చెప్పారు. ఇంకా ఎలుకలు. ఫోమ్‌ను అవి తినవు గాని తొలుచుకొని గూళ్లు పెడతాయి, గోడ అడుగు భాగంలో ఇది తేలిక. చివరిగా, పొంగించే వాయువు ఏదో అడగండి. పాత తరం హెచ్.ఎఫ్.సి.-245ఎఫ్.ఎ. భూతాపన శక్తి కార్బన్ డయాక్సైడుకంటే సుమారు వెయ్యి రెట్లు, కొత్త హెచ్.ఎఫ్.ఓ. వాయువులది దాదాపు కార్బన్ డయాక్సైడుతో సమానం, ఇన్సులేషన్ గుణంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

రాక్ వూల్ పలకలతో పని చేయడం హాయిగా ఉంటుంది. బసాల్టు రాయినీ లోహపు చిట్టాన్నీ కరిగించి పోగులు తీసి చేసిన ఈ సరుకు మండదు, వెయ్యి డిగ్రీల వరకు కరగదు. పలకలు గట్టిగా ఉంటాయి కాబట్టి గుంజల మధ్య ఖాళీ కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు వెడల్పుగా రంపపు పళ్ల కత్తితో కోసి నొక్కితే మేకులు లేకుండానే నిలుస్తాయి, చవకరకం గ్లాస్ వూల్ చుట్టల మాదిరిగా కొన్నేళ్లకు కిందికి జారి పైన ఖాళీ వదలవు. నీటిని వికర్షించే నూనె కలిపి ఉంటుంది కనుక చినుకులు పడినా పైపైనే జారిపోతాయి. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు వేసుకుంటే దురద బాధ పెద్దగా ఉండదు. లోపమల్లా ఒకటే, అది గాలిని ఏమాత్రం ఆపదు. పైన చెప్పిన ప్రమాదమంతా, ఉన్ని వెనుక చల్లబడిన రేకు, అక్కడికి చేరే గాలి, ఈ సరుకుకే వర్తిస్తుంది. కనుక లోపల మెంబ్రేన్, బయట గాలి ఖాళీ లేకుండా రాక్ వూల్‌ను మాత్రమే కొని పెట్టేవారికి నేను ఈ సరుకునూ సిఫారసు చేయను. మా గోడల్లో రేకును విప్పి, ఉన్నికి బయటి ముఖంగా వాన నీటిని ఆపి ఆవిరిని వదిలే పొర ఒకటి పరిచి, దాని మీద 25 మిల్లీమీటర్ల నిలువు చెక్క బద్దీలు కొట్టి, ఆ బద్దీల మీద రేకును తిరిగి బిగించాము. బద్దీల మధ్య ఖాళీ అడుగునా పైనా తెరిచి, ఎలుకలు దూరకుండా సన్నని ఇనుప జాలీ పెట్టాము. రేకు లోపలి ముఖం ఇప్పుడు చెమర్చినా ఆ నీరు ఖాళీలోనే జారి కిందికి పోతుంది, చెక్కను తాకదు. ఈ మొత్తం పనిలో ఎక్కువ శ్రమ పట్టింది ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చింది కూడా ఇదే.

ఇక మెంబ్రేన్. 0.15 మిల్లీమీటర్ల మామూలు పాలిథీన్ షీటు 0.06 పెర్మ్ దగ్గర ఆవిరిని దాదాపు పూర్తిగా మూసేస్తుంది, ఏ కాలంలోనైనా అంతే. పాలిమైడ్ మెంబ్రేన్ అలా కాదు. దాని చుట్టూ గాలి పొడిగా ఉన్నప్పుడు ఒక పెర్మ్ కంటే తక్కువగా బిగుసుకుంటుంది, తేమ పెరిగితే 10 పెర్మ్‌లు దాటి తెరుచుకుంటుంది. నీటి అణువులు పాలిమైడ్‌లోకి చొరబడి దాని అణు గొలుసులను సడలించడం వల్ల ఈ మార్పు వస్తుంది. చలికాలంలో లోపలి నుంచి బయటికి పోవాలని చూసే ఆవిరిని ఇది అడ్డుకుంటుంది. ఎండకాలంలో గోడలో చిక్కిన తేమ వేడికి లోపలి వైపు నెట్టబడినప్పుడు దారి ఇస్తుంది. వేడిగా, ఉక్కగా ఉండే వాతావరణంలో లోపల చల్లదనం పెట్టుకునే గదికి పాలిథీన్ ఎంత హానికరమో ఇది అంత ఉపయోగకరం, ఎందుకంటే అక్కడ ఆవిరి బయటి నుంచి లోపలికి ప్రయాణించి పాలిథీన్ వెనుక నీరుగా నిలుస్తుంది. పనిముట్ల గదిలో మేము ఉన్ని బయటి అంచున ఒక తేమ కొలిచే సెన్సరు వదిలాము. చలి ముదిరినప్పుడు అక్కడ తేమ శాతం పైకి పోయింది, ఎండ కాచాక తిరిగి దిగింది, చెక్క తేమ 20 శాతం గీతకు కిందే ఉంది. శిలీంధ్రాలు చెక్కను తినడానికి అంతకు మించిన తేమ, అదీ చాలాకాలం, కావాలి కనుక ఈ గోడ గురించి నాకు బెంగ లేదు.

పశువుల వైపు కథ వేరు. అక్కడ లోపలి గాలిలో తేమ నిత్యం 75, 80 శాతం ఉంటుంది. ఆ తేమకు మెంబ్రేన్ చలికాలంలోనే తెరుచుకొని కూర్చుంటుంది, మూసుకోవలసిన సమయంలోనే వాకిలి తీసిపెడుతుంది. దీని గుణమే ఇక్కడ దోషమైంది. ఈ సంగతి తయారీదారుల సూచన పత్రాల్లో ఈతకొలనులు, తేమ ఎక్కువగా ఉండే గదుల గురించిన చిన్న అక్షరాల్లో దొరుకుతుంది, అమ్మే చోట ఎవరూ చెప్పరు. పశువులున్న గోడకు స్థిరంగా మూసి ఉంచే పొర, దాని ముందు దెబ్బలకు ఓర్చే పలకలు, బయట తప్పనిసరిగా గాలి ఖాళీ, ఇదే సరైన కూర్పు. లేదా ఇన్సులేషన్‌ను గుంజలకు బయటి వైపు పెట్టి చెక్కనంతా వెచ్చని పక్క ఉంచడం ఇంకా మంచిది, కొత్తగా కట్టేవారికి అదే చెబుతాను. పలకలు పశువు నాలుకా కొమ్మూ అందే ఎత్తు దాటి ఉండాలి. అమ్మోనియా ఆవిరి మామూలు మేకులను తినేస్తుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే వాడాలి, స్టేపుల్ పిన్నులకు కూడా ఇదే మాట.

మెంబ్రేన్‌తో వచ్చే టేపు నాణ్యత బాగుంది గాని, దుమ్ము పట్టిన పాత చెక్కకు అది అంటుకోదు. ముందు ప్రైమరు పూసి, ఆరాక టేపు వేసి, చేత్తో కాక రోలరుతో నొక్కాలి. ఈ ప్రైమరు విడిగా కొనాలి, పెట్టెలో రాదు. కరెంటు తీగలు, స్విచ్చు పెట్టెలు మెంబ్రేన్‌ను పొడిచిన ప్రతి చోటా గాలి పోతుంది కనుక దాని ముందు మరో వరుస బద్దీలు కొట్టి తీగలన్నీ ఆ ఖాళీలో నడపడం తెలివైన పని. ఎండ తగిలే కిటికీ ఎదుట ఎక్కువ కాలం కప్పకుండా వదిలితే పాడవుతుంది కాబట్టి పలకలు త్వరగా బిగించాలి.

రాతి గోడ భాగానికి ఈ మూడింటిలో ఏదీ పెట్టలేదు. పాత రాతి గోడ నేల నుంచి నీటిని పీల్చి రెండు ముఖాల నుంచీ ఆరబెట్టుకుంటుంది. లోపలి ముఖాన్ని ఫోమ్‌తోనో సిమెంటుతోనో మూసేస్తే నీరు ఇంకా పైకెక్కుతుంది, రాతిలో దిగిన దూలాల కొనలు ముందు కుళ్లుతాయి, గడ్డకట్టే చలి ఉన్నచోట రాళ్లు పొరలుగా రాలతాయి. అక్కడ చూరు కాలువలు సరిచేసి, బయట మట్టిని గోడకు దూరంగా వాలుగా తవ్వించి, సున్నపు పూత వేయించాము. ఇన్సులేషన్ తప్పనిసరైతే కాల్షియం సిలికేటు పలకలు, చెక్కపీచు పలకలు వంటి ఆవిరిని వదిలే సరుకు పలచగా వాడవచ్చు. నిజానికి ఏ గోడకైనా వాన నీరు, నేల నీరు సరిచూశాకే ఇన్సులేషన్ మాట ఎత్తాలి. తడిసిన గోడను కప్పేసే సరుకు ఎంత ఖరీదైనదైనా రోగాన్ని దాచిపెట్టడమే చేస్తుంది.

గాలి మార్పిడి గురించి ఏ అమ్మకందారూ ఎత్తని లెక్క ఒకటి ఉంది. పై ఉదాహరణలో లోపలి గాలి ఘనపు మీటరుకు సుమారు 10 గ్రాముల ఆవిరిని మోస్తుంది, బయటి చల్లని గాలి నిండా తడిసి ఉన్నా 5 గ్రాములే మోస్తుంది, అంటే ఒక ఘనపు మీటరు మారితే 5 గ్రాముల నీరు బయటికి పోతుంది. ఒక ఆవు వదిలే 10 లీటర్లను తోలడానికి రోజుకు సుమారు 2000 ఘనపు మీటర్లు మారాలి. ఇది ఇన్సులేషన్ చేసిన కొట్టానికీ తప్పదు. సందులన్నీ మూసుకుపోయిన కొట్టంలో ఈ గాలిని కావాలని తెచ్చిపెట్టాలి కాబట్టి ఇక్కడ అవసరం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్యాన్లు లేని కొట్టాలకు కప్పు శిఖరం వెంట, కొట్టం వెడల్పు ప్రతి 3 మీటర్లకు 5 సెంటీమీటర్ల చొప్పున తెరిచి ఉంచి, చూరుల కింద దానికి సరిపడా ప్రవేశ మార్గం ఇవ్వాలన్నది పాడి కొట్టాల నిర్మాణంలో స్థిరపడిన కొలత. మేము ఫోమ్ కొట్టించేటప్పుడు శిఖరం తెరపిని మూసేయమని పని చేసేవారు సలహా ఇచ్చారు, వేడి పోతుందన్నారు. పశువుల వైపు మూయనివ్వలేదు. పనిముట్ల గదిలో మూయించి, గోడకు తేమను బట్టి తిరిగే ఫ్యాను పెట్టి, గ్యాసు హీటరు తీసేసి పొగగొట్టం ఉన్న పొయ్యి అమర్చాము.

కొనేవారు సంస్థతో ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద పెట్టించుకోవాలి. ఫోమ్ అయితే పీపాల బ్యాచ్ సంఖ్యలు, పని రోజు రేకు ఉష్ణోగ్రత, చెక్క తేమ, సూది గుచ్చి కొలిచిన మందం పది చోట్లైనా ఉండాలి, సగటు మందం ఒక్కటే రాస్తే ఒప్పుకోవద్దు. గోడ అయితే పలకలు కప్పే ముందు మెంబ్రేన్‌కు గాలి పరీక్ష చేయాలి, గదిలో ఫ్యానుతో కొద్దిగా పీడనం తగ్గించి చెయ్యి పెట్టి చూసినా సందులు తెలుస్తాయి. హామీ పత్రంలో చెమర్చడం వల్ల వచ్చే నష్టం చేరిందో లేదో చదవాలి, మాకు వచ్చిన మొదటి ముసాయిదాలో అది మినహాయింపుల వరుసలో ఉంది, మా కోరిక మీద తొలగించి సంతకం చేశారు.